వంద కోట్ల ఏడు: ఆరేళ్లు వాడాక నా మాట

కోడింగ్ పోటీల్లో కూర్చున్నవాళ్లకి 1000000007ని పరిచయం చేయక్కర్లేదు. జవాబు మరీ పెద్దదయ్యే చోట, దాన్ని ఈ సంఖ్యతో భాగించి శేషం మాత్రమే చెప్పమంటారు. పదంకెల ప్రధాన సంఖ్యల్లో మొదటిది, రెండు శేషాలు కూడితే 32 బిట్లు దాటదు, గుణిస్తే 64 దాటదు. ఇదంతా అందరికీ తెలిసిందే. నేను దీని మీద మనసు పారేసుకున్నది మాత్రం భాగహారం దగ్గర.

హాస్టల్లో ఒక రాత్రి సంభావ్యత లెక్క చేస్తుంటే స్క్రీన్ మీద 500000004 వచ్చింది. రూమ్మేట్ తొంగి చూసి, "చెత్త వచ్చిందిరా, ఓవర్‌ఫ్లో అయ్యుంటది" అన్నాడు, అంటే సంఖ్య దానికిచ్చిన చోటులో పట్టలేదని. నాకూ మొదట అలాగే అనిపించింది. తీరా రెండుతో గుణిస్తే 1000000008. అందులోంచి మన సంఖ్యని తీసేస్తే మిగిలేది 1. రెండింతలు చేస్తే ఒకటయ్యేది అరే కదా! భిన్నమే లేని చోట అర కనబడింది. ఆ రాత్రి వరసగా కాగితం మీద వేసుకుంటూ పోయాను: మూడో వంతు 333333336, పావు 250000002, ఏడో వంతు 142857144. 1000000008ని 2, 3, 4, 6, 7, 8 అన్నీ నిశ్శేషంగా భాగిస్తాయి కాబట్టి ఇవన్నీ నోటి లెక్కలే. మధ్యలో అయిదు మాత్రం మొండికేస్తుంది. అయిదో వంతు 400000003.

ఈ మోజులోనే ఒకసారి దెబ్బ తిన్నాను. రెండు లక్షల స్ట్రింగులు (అక్షరాల వరసలు), అందులో వేర్వేరువి ఎన్నో చెప్పాలి. ఒక్కో స్ట్రింగుని ఒక సంఖ్యగా మార్చి, దీంతోనే భాగించి, ఆ శేషాన్నే దాని గుర్తుగా (హ్యాష్) కట్టి, ఎన్ని వేర్వేరు హ్యాషులొస్తే అన్ని అనేశాను. శాంపిల్స్ పాసయ్యాయి. పెద్ద టెస్టులో జవాబు కొద్దిగా తక్కువొచ్చింది. గంటన్నర కోడంతా గాలించాను, తప్పు దొరకలేదు. తప్పు కోడ్‌లో లేదు మరి. హ్యాషులకి వంద కోట్ల గదులున్నా, నలభై వేల మంది వచ్చేసరికే ఎవరో ఇద్దరు ఒకే గదిలో పడే అవకాశం సగం దాటిపోతుంది. రెండు లక్షలకైతే అలాంటి జంటలు ఓ ఇరవై తేలతాయి. సంఖ్య పెద్దదే, నా అవసరానికే చాలలేదు. తర్వాత నుంచి హ్యాష్‌కి శేషం తీసే రెండు మాడ్యులస్‌లు పెట్టుకుంటున్నాను, టెన్షన్ పోయింది.

ఇంకోటి: పాలినామియల్స్ (బహుపదులు) వేగంగా గుణించాలంటే మామూలుగా 998244353 దగ్గరికి వెళ్తాం. ఆ పద్ధతికి సంఖ్యలోంచి ఒకటి తీస్తే మిగిలేదాన్ని 2 చాలాసార్లు భాగించాలి. దాన్లోంచి ఒకటి తీస్తే 2 ఇరవై మూడుసార్లు పోతుంది. 1000000007లోంచి తీస్తే ఒక్కసారే పోయి 500000003 దగ్గర ఆగిపోతుంది, అది మళ్లీ ప్రధాన సంఖ్యే.

నేనిప్పుడు ఉద్యోగంలో పడి ఆదివారాలే, అదీ ఎక్కువగా లెక్కింపు ప్రశ్నలే చేస్తున్నాను. నాకిది సరిపోతోంది. రోజూ హ్యాషింగ్‌తో కుస్తీ పట్టేవాళ్లకి సరిపోతుందని మాత్రం చెప్పలేను. అయిదో వంతు ఇప్పటికీ నోటికి రాదు, ప్రతిసారీ నోట్‌బుక్ చివరి పేజీ తిప్పాల్సిందే.