చిలకముక్కు కోడిపిల్లలు కొనబోయేవారు డబ్బు పంపే ముందు ఇది చదవండి

మా దొడ్లో 14 రోజుల్లో 11 కోళ్లు చనిపోయాయి. వాటిలో ఒకటి నేను ఆరేళ్లుగా పెంచుకుంటున్న కాకి పెట్ట, అంటే నల్ల కోడి. దాని సంతతి మా ఊళ్లో నాలుగిళ్లలో తిరుగుతోంది. ఆ తెగులును డబ్బిచ్చి మరీ ఇంటికి తెచ్చుకున్నది నేనే. మరొకరి ఇంట్లో ఇలా జరగకూడదని రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్లాక ఫోనులో ఒక వీడియో చూశాను. డేగ పుంజు, అంటే ఎర్ర రంగుది. ముక్కు మొదలు నుంచే చిలక ముక్కులా వంగి ఉంది, తోక విసనకర్రలా విచ్చుకుని నేలను రాస్తోంది. దాని పిల్లలే ఆరు ఉన్నాయని, రెండు నెలలవని, మొత్తం 18,000 రూపాయలని అమ్మే మనిషి చెప్పాడు. తల్లిని చూపించమంటే "పొదుగు మీద ఉందన్నా, లేపకూడదు" అన్నాడు. కోళ్లు పెంచే మనిషిని కదా, ఆ మాట నాకు సబబుగానే తోచింది. సగం డబ్బు ముందు పంపాను. బస్సులో వేసిన రసీదు ఫొటో రాగానే మిగతా సగమూ పంపాను.

పిల్లలు అట్టపెట్టెలో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాయి. పెట్టె విప్పేసరికి ఒకటి చచ్చిపోయి ఉంది. మిగతా ఐదూ రెక్కలు వేలాడేసి కునుకుతున్నాయి. బడలిక అనుకున్నాను. టీకాల గురించి అడిగితే అన్నీ వేశామన్నాడు. ఏ టీకా ఏ రోజున వేశారని అడిగితే జవాబు లేదు. అక్కడే నేను ఆగి ఉండాల్సింది. ఆ సాయంత్రమే వాటిని మా కోళ్లలో కలిపేశాను.

నాలుగో రోజున పచ్చటి రెట్టలు మొదలయ్యాయి. తరువాత నోరు తెరుచుకుని ఎగశ్వాస, ఆపైన మెడలు మెలితిరిగిపోవడం. పశువైద్యుడు చూడగానే కొక్కెర తెగులన్నారు. సోకిన తరువాత దానికి మందు లేదు, ముందుగా వేసే టీకాయే రక్ష. మా పెద్ద కోళ్లకు టీకా వేయించి ఏడాది దాటింది. ఆ తప్పు పూర్తిగా నాది. కాకి పెట్ట చివరి రోజు తల ఎత్తలేక, నా అరచేతిలో పోసిన నీళ్లు కూడా తాగలేదు.

అమ్మిన మనిషి ఆ తరువాత ఫోను ఎత్తలేదు. ఆ వీడియోను మిత్రుడికి చూపిస్తే, పుంజు తమిళనాడులో ఎవరిదో అని, ఆ వీడియో తాను చాలాకాలం కిందటే చూశానని చెప్పాడు. బతికిన రెండు పిల్లలకు ఇప్పుడు ఆరు నెలలు. ముక్కులు తిన్నగా ఉన్నాయి, నెత్తిన జుట్టు రంపపు పళ్లలా నిలబడింది. అవి మామూలు నాటుకోళ్లు. వాటిని ప్రేమగానే పెంచుతున్నాను, తప్పు వాటిది కాదు కదా.

తమిళనాడులో దిండిగల్ వైపూ, మన గిద్దలూరు వైపూ చిలకముక్కు కోళ్లకు అందాల పోటీలు జరుగుతాయి. ముక్కు, తోక, నిలబడే తీరు చూసి బహుమతులిస్తారు. కత్తులు కట్టే పందేలకూ వీటికీ సంబంధం లేదు. పోటీల వల్ల ధరలు పెరిగాయి, ధరల వెంట మోసగాళ్లూ వచ్చారు. రెండు నెలల పిల్లకు తోక ఎంత పొడవు వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇచ్చేవారిని నమ్మకండి. పెద్ద పుంజు కొనేటప్పుడు ముక్కును వేలితో తడిమి చూడండి. అరగదీసి వంపు తెచ్చిన ముక్కు కొన గరుకుగా ఉంటుంది, పైముక్కూ కిందిముక్కూ సరిగా కలవవు.

వీలైతే స్వయంగా వెళ్లి తల్లినీ తండ్రినీ ఒకేచోట చూడండి. వెళ్లలేకపోతే వీడియో కాల్‌లో, మీరు చెప్పిన వస్తువును పక్కన పెట్టి చూపించమనండి. పాత వీడియోతో ఆ పని కుదరదు. రెండు నెలల పిల్లకు మొదటి వారంలో కొక్కెర తెగులు తొలి టీకా లసోటా, రెండో వారంలో గంబోరో వ్యాధి టీకా, 6 నుంచి 8 వారాల మధ్య కొక్కెర తెగులుకే మరో టీకా ఆర్ టు బి పడి ఉండాలి. తేదీలు రాసిన కాగితం అడగండి. అన్నిటికంటే ముఖ్యం, కొత్త కోడి ఎంత ఆరోగ్యంగా కనిపించినా కనీసం మూడు వారాలు దూరంగా, వేరే గంపలో, వేరే నీళ్ల గిన్నెతో ఉంచండి. పాత కోళ్లకు మేత వేశాకే కొత్తవాటి దగ్గరికి వెళ్లండి. నేను ఈ ఒక్క పని చేసి ఉంటే 18,000 మాత్రమే పోయేవి.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. నేను మూడు వారాల తరువాత చేశాను, అప్పటికే ఆ ఖాతా ఖాళీ.

అదే డేగ పుంజు వీడియో ఇప్పుడు మరో పేరుతో తిరుగుతోంది. కుడికాలికి పసుపు దారం, వెనక నీలం రంగు తలుపు. కనిపిస్తే పైసా కూడా పంపకండి.