ఫార్మాట్ కొట్టకుండా 6 ఏళ్లు

మా డీటీపీ షాపు కంప్యూటర్‌కి ఏం వచ్చినా సర్వీస్ కుర్రాడిది ఒకటే మాట: "అన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం." కొడితే అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ సెట్టింగులు అన్నీ మళ్లీ మొదటి నుంచీ. రెండు రోజుల పని పోయినట్టే. అందుకే 6 ఏళ్లుగా పాడైన సిస్టమ్ ఫైళ్లని వెతికి బాగుచేసే, విండోస్‌లోనే ఉండే ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ అనే కమాండ్‌ని నమ్ముకున్నాను. అడిగినవాళ్లందరికీ అదొక్కటి చాలనేవాణ్ణి.

పోయిన శ్రావణంలో అప్‌డేట్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మళ్లీ ఆన్ చేస్తే స్టార్ట్ మెనూ రాదు, సెట్టింగ్స్ తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతుంది. టేబుల్ మీద నాలుగు పెళ్లి కార్డుల ప్రూఫులు. స్కాన్‌నౌ వేస్తే, పాడైన ఫైళ్లు దొరికాయిగానీ కొన్నిటిని బాగుచేయలేకపోయానంది.

ఎస్‌ఎఫ్‌సి మంచి ఫైలుని తెచ్చుకునేది విండోస్ తన ఫైళ్ల మంచి కాపీలు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ నుంచి. ఆ నిల్వే పాడైతే పాపం అదేం చేస్తుంది? నిల్వని బాగుచేసేది డిస్మ్ అనే ఇంకో విండోస్ కమాండ్. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఆన్‌లైన్, క్లీనప్ ఇమేజ్, రీస్టోర్ హెల్త్ అనే స్విచ్‌లతో (కమాండ్ పక్కన టైప్ చేసే మాటలు) దాన్ని నడిపాను. 62.3 శాతం దగ్గర ఆగింది. పావుగంటైంది, అరగంటైంది, అంకె కదలదు. ఒకటే టెన్షన్. విండో మూసేద్దామని మౌస్‌ని రెండుసార్లు ఇంటూ గుర్తు దాకా తీసుకెళ్లాను. అప్పుడు కంటపడింది హార్డ్ డిస్క్ లైటు. వెలుగుతూ ఆరుతూనే ఉంది! చేయి వెనక్కి తీసుకున్నాను. 40 నిమిషాలకి ఒక్కసారిగా 100కి వెళ్లింది. మళ్లీ స్కాన్‌నౌ వేస్తే ఈసారి అన్నీ సరిచేసింది. రీస్టార్ట్ చేసి, సగంలో ఆపిన కార్డు తెరిచాను. పైన "శ్రీరస్తు శుభమస్తు" ఒక్క వత్తు కూడా చెదరకుండా ఉంది. ఆ క్షణం నాకు ప్రాణం లేచొచ్చింది.

అయితే సంక్రాంతికి మళ్లీ ఫైళ్లు పాడయ్యాయి. డిస్క్‌ని పరీక్షించే చెక్‌డిస్క్‌ని ఆర్ స్విచ్‌తో నడిపితే బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్క్‌లో పాడైపోయిన చోట్లు, బయటపడ్డాయి. డిస్కే అరిగిపోతుంటే ఏ కమాండైనా ఎన్నిసార్లని బాగుచేస్తుంది? ఎస్‌ఎస్‌డి (కొత్తరకం డిస్క్) కొని పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నదున్నట్టు దాంట్లోకి క్లోన్ చేయించాను, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాను.

మా షాపులో నెట్ బాగుంటుంది కాబట్టి డిస్మ్ కావలసిన ఫైళ్లు విండోస్ అప్‌డేట్ నుంచి తెచ్చుకుంది. నెట్ లేనిచోట అదే వెర్షన్ విండోస్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైలు) దగ్గర పెట్టుకుని సోర్స్‌గా చూపించాలి. నాలా ఫాంట్ల సెటప్ ఉన్నవాళ్లకి ఈ రెండు గంటల ఓపిక దండగ కాదు. బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడని ఇంట్లో అయితే ఆ కుర్రాడి మాటే తేలికేమో.