పీడీ సారు గంటన్నర: తిరుపతిలో ఒక బాస్కెట్‌బాల్ కోచింగ్ ఎలా ఉంది?

అలిపిరి వైపు ఒక ఓపెన్ సిమెంట్ కోర్టు మీద పొద్దున 5:45కు మొదలై 7:15కు ముగిసే కోచింగ్ ఇది. బోర్డు లేదు, పాంప్లెట్ లేదు. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా (పీడీగా) చేసి రిటైరైన సారు నడుపుతున్నారు. ఇంటర్, డిగ్రీ పిల్లలు ఇరవై మందికి పైనే వస్తారు. ఫీజు నెలకు 1,200 రూపాయలు. పునాది నేర్చుకోవాలంటే ఆ డబ్బుకు మించిన సరుకే దొరుకుతుంది. మ్యాచ్ ఆడించడంలో మాత్రం లోటుంది.

మన దగ్గర కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అనే ఉద్యోగం విడిగా ఉండదు. పీడీ సారే కోచ్. వ్యాయామ విద్యలో బీపీఎడ్, ఎంపీఎడ్ డిగ్రీలు చేసి, వీలైతే ఎన్ఐఎస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్స్) ఆరు వారాల సర్టిఫికెట్ కూడా తెచ్చుకుంటారు. ఉద్యోగంలో చేరాక కబడ్డీ, వాలీబాల్, ఖోఖో, స్పోర్ట్స్ డేకు సున్నపు గీతలు, అడ్మిషన్ల డ్యూటీ అన్నీ ఆయన నెత్తినే. బాస్కెట్‌బాల్‌కు దక్కేది ఇంటర్ కాలేజియేట్ ముందు రెండు మూడు వారాలు. అంతలో ఆట నేర్పడం కుదిరే పని కాదు. ఉన్నవాళ్లలో పన్నెండు మందిని ఏరి, జెర్సీలు, టీఏ డీఏ బిల్లులు చూసుకునేసరికి మ్యాచ్ వచ్చేస్తుంది. అమెరికాలో జాన్ వుడెన్ అనే కోచ్ 1948లో యూసీఎల్ఏ (లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ)కు వచ్చి 27 సీజన్లు ఒకే ఆట, ఒకే జట్టుతో ఉన్నాడు. అంతటివాడికీ తొలి జాతీయ టైటిల్ 1964లో, పదహారో సీజన్‌లో వచ్చింది. 1975లో దిగిపోయేనాటికి అవి పది. మన పీడీకి పదహారు సీజన్లు ఓపిక పట్టే ప్రిన్సిపాల్ ఎక్కడ? ఈ సారుకు ఒక్క ఆటే చేతిలో మిగిలింది రిటైరయ్యాకే. ఆ తీరిక పాఠంలో కనిపిస్తుంది.

మొదటిరోజు బంతి ఇవ్వరు. సాక్సు వేసుకోవడం నేర్పుతారు. పిల్లలు నవ్వుతారు, తల్లిదండ్రులు గొణుగుతారు. ఇది వుడెన్ యూసీఎల్ఏలో ఏటా చేసిన పనే. సిమెంట్ కోర్టు మీద దాని అవసరం ఇంకా ఎక్కువ. మడమ దగ్గర, చిటికెన వేలి దగ్గర సాక్సు ముడత పడితే మూడో రోజుకు బొబ్బ. బొబ్బ లేచిన పిల్లవాడు తెలియకుండానే పాదం వంకరగా వేస్తాడు, అక్కడే చీలమండ మడతపడుతుంది. లేసు కింది రంధ్రం నుంచి ఒక్కొక్కటే బిగించాలి. పైన ఒక్క లాగు లాగి ముడేస్తే లోపల కాలు జారుతుంది.

సారు జేబులో ఒక అట్టముక్క ఉంటుంది, దాని మీద ఆ రోజు లెక్క. ఇదీ వుడెన్ అలవాటే. వార్మప్ 12 నిమిషాలు, ఆగడం-తిరగడం 15, పాసింగ్ 15, షూటింగ్ 20, ఆట 20, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయితే ఎవరూ అడ్డుకోకుండా వేయనిచ్చే షాట్లు) 8. ఒక డ్రిల్ బాగా సాగుతున్నా టైమ్ అయితే విజిలే. పిల్లలు విసుక్కున్నా అదే సరైన పద్ధతి. ఇంకా ఆడాలనిపిస్తున్నప్పుడు ఆపితే మరుసటి పొద్దున పరుగెత్తుకొస్తారు.

ఈ కోచింగ్‌లో అసలు సరుకు ఆ ఆగడం-తిరగడం పావుగంటలో ఉంది. వీధి కోర్టుల్లో ఆడి వచ్చిన పిల్లలకు ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అడుగులు తప్పుగా వేసిన తప్పిదం) ఎందుకు పడుతుందో తెలియదు. బంతి అందుకున్నాక డ్రిబుల్ (బంతిని నేలకు కొడుతూ కదలడం) మొదలెట్టేటప్పుడు, బంతి చేతిని వదలకముందే పివట్ కాలు, అంటే నేల మీద కదలకుండా ఉంచాల్సిన కాలు, లేస్తుంది. సారు దీనికి రెండు కాళ్లూ ఒకేసారి నేలకు తగిలేలా ఆగడం, తర్వాత ఎడమ కాలు మేకులా పెట్టి ముందుకు, వెనక్కి తిరగడం బంతి లేకుండానే చేయిస్తారు. లే-అప్ (రింగు దగ్గరికి వెళ్లి ఎగిరి వేసే షాట్) కూడా అంతే, ముందు నడకతో. కుడిచేత్తో వేసేవాడు కుడి అడుగు, ఎడమ అడుగు వేసి, ఎడమ కాలి మీద ఎగరాలి. బంతి రింగు వెనక బోర్డు మీది చతురస్రంలో కుడి పై మూలకు మెత్తగా తగలాలి. చూపు రింగు మీద పెట్టినవాడు బంతిని గట్టిగా కొడతాడు, అది తిరిగొస్తుంది. ఎడమచేతి లే-అప్ మూడో వారంలో గానీ రాదు. ఇంకాస్త ముందే మొదలెట్టాల్సింది.

ఫ్రీ త్రోలు చివర పెట్టడం తెలివైన పని. ఊపిరి ఎగబోస్తుండగా రెండేసి వేసి పక్కకు తప్పుకోవాలి. మ్యాచ్‌లో ఎవడికీ వరసగా పది రావు, వచ్చేవి రెండే.

ఇక లోట్లు. ఒకవైపు రింగు 3.05 మీటర్ల ఎత్తు ఉండాల్సింది, టేపు పెడితే ఏడు సెంటీమీటర్లు తక్కువ. పాత నేల మీద కొత్త సిమెంట్ పొర పోసి, స్తంభాన్ని అలాగే వదిలేసినందుకు ఇలా అవుతుంది. ఇక్కడ అలవాటు పడ్డవాడి షాట్లు బయటి కోర్టులో రింగు ముందు అంచుకే తగులుతాయి. వల కూడా లేదు, బంతి శుభ్రంగా పడిందా రాసుకుంటూ పోయిందా అన్నది దూరం నుంచి తెలియదు. అమ్మాయిలకూ 7వ సైజు బంతే ఇస్తున్నారు. వాళ్లది 6వ సైజు, చుట్టుకొలతా బరువూ రెండూ తక్కువ. పెద్ద బంతితో రింగు అందక ఛాతీ దగ్గర్నుంచి రెండు చేతులతో నెట్టడం అలవాటైతే తర్వాత మాన్పించడం చాలా కష్టం. ఐదారు బంతులు కొనడం పెద్ద ఖర్చు కాదు. సిమెంట్‌కు ఎలాగూ రబ్బరు బంతే మేలు, కాంపోజిట్ తోలు (కృత్రిమ తోలు) బంతి ఇక్కడ పైనున్న గింజలు అరిగి త్వరగా నున్నబడిపోతుంది.

ఆట భాగం అంతా సగం కోర్టులోనే. షాట్ వేయడానికి ఉండే 24 సెకన్ల లెక్క ఎవరూ పెట్టరు, బంతితో 8 సెకన్లలో సగం గీత దాటడమూ అలవాటు కాదు. ఇంటర్ కాలేజియేట్‌లో చాలా జట్లు 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు తలా ఒక చోటు కాపలా కాసే పద్ధతి) వేసుకుని కూర్చుంటాయి. దాన్ని విప్పాలంటే ఫ్రీ త్రో గీత మధ్యలో ఒకణ్ణి నిలబెట్టి బంతి లోపలికి ఇచ్చి, జోన్ ముడుచుకోగానే మూలకు తీయాలి. ఇది నల్లబోర్డు మీద సుద్దతో గీసి చూపిస్తారు గానీ కాళ్లతో చేయించేది తక్కువ. ఐస్ డబ్బా కూడా లేదు. కాలు మడతపడితే సోడా బండి దాకా పరుగు.

చేరాలనుకుంటే జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే నేల కాలుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు కోర్టు ఒక పక్క నీళ్లు నిలిచి, ఎండాకా పాకుడు మిగులుతుంది. ఆ రోజుల్లో క్లాసు ఉందో లేదో ముందురాత్రే సారుకు ఫోన్ చేసి కనుక్కోవాలి. రేణిగుంట, చంద్రగిరి నుంచి బస్సులో వచ్చే పిల్లలైతే మరీను.