మిద్దె నీళ్ళకు ముంగిట్లో తావు: అనంతపురంలో చేయించుకున్న రెయిన్ గార్డెన్ పనిపై సమీక్ష

అనంతపురంలో ఇళ్ళ ముందు మిద్దె మీది వాన నీటిని ఇంకించే రెయిన్ గార్డెన్లు వేసి ఇచ్చే ఒక తోటపని సంస్థ చేత నిరుడు వేసవిలో మా ఇంట పని చేయించుకున్నాము. సెప్టెంబరు, అక్టోబరు వానలు కూడా చూసిన తరువాతనే ఈ సమీక్ష రాస్తున్నాను. మొక్కలు నాటిన రోజు తీసిన ఫొటోలను బట్టి ఈ పనిని మెచ్చుకోవడంలో అర్థం లేదు. గట్టి వాన కురిసిన మరునాటి ఉదయం గుంటలో ఎంత నీరు మిగిలిందో చూసి మార్కులు వేయవలసిన పని ఇది.

మనకు తెలిసిన ఇంకుడు గుంత నీటిని కంకర గుండా నేరుగా లోపలికి దింపుతుంది. రెయిన్ గార్డెన్ అలా కాదు. ఆరంగుళాల లోతున తాంబాళంలా వెడల్పుగా తవ్విన పల్లంలో, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టి నింపి మొక్కలు పెడతారు. మిద్దె మీది నీరు అందులో కాసేపు నిలిచి, దుమ్మునూ మురికినీ పైమట్టిలోనే వదిలి, మెల్లగా ఇంకుతుంది. ఇదే పద్ధతిని బాట పక్కన వాలుగా, పొడవుగా, గడ్డి పెంచిన కాలువగా సాగదీస్తే దానిని బయోస్వేల్ అంటారు. అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో 1990 ప్రాంతంలో ఒక కొత్త కాలనీలో ఇంటింటికీ రెయిన్ గార్డెన్ వేయడంతో ఈ పద్ధతికి ప్రచారం వచ్చింది. అయితే అక్కడ వాన ఏడాది పొడవునా పడుతుంది; మనకు పడే సుమారు 550 మిల్లీమీటర్లలో ఎక్కువ భాగం కొద్ది నెలల్లోనే పడిపోతుంది. కనుక ఇక్కడి మొక్క ఒక రోజు నీటిలో మునిగినా, ఆ తరువాత నెలల తరబడి ఎండినా బతకాలి. ఈ సంస్థవారు మొదట చూపిన జాబితాలో సగం బెంగళూరు చల్లదనానికి తగిన అలంకార మొక్కలే. మేము పట్టుబట్టిన మీదట వట్టివేరు, మెట్టతామర, నిమ్మగడ్డి పెట్టారు. మూడూ వేసవిని తట్టుకున్నాయి.

వీరి పనిలో నాకు బాగా నచ్చినది నేల పరీక్ష. గడ్డపారతో అడుగు లోతు గుంట తవ్వి, నీళ్ళు నింపి, అవి ఇంకిన తరువాత మళ్ళీ నింపి, గీతలు గీసిన పుల్ల ఒకటి నిలబెట్టి గంట గంటకూ నీరు ఎంత దిగిందో రాసుకున్నారు. మాది ఎర్రనేల కావడం వలన ఫలితం బాగానే వచ్చింది. కర్నూలు వైపు నీరు నెమ్మదిగా ఇంకే నల్లరేగడి నేలలో ఇదే పని చేయించాలంటే అడుగున చిల్లుల పైపు వేయక తప్పదు. ఉబ్బి కుంగే ఆ మట్టిలో గోడ పునాదికి పది అడుగుల దూరం పాటించడం మరీ ముఖ్యం.

కొలతలను కూడా లెక్క ప్రకారమే నిర్ణయించారు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2,300 లీటర్ల నీరు వస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గుంట ఆరంగుళాల లోతున 1,700 లీటర్లు పడుతుంది. మిగిలినది వాన కురుస్తుండగానే చాలావరకు మట్టిలోకి దిగుతుంది. మరునాటికి మా గుంటలో నీరు కనిపించలేదు. దోమ పిల్ల నీటిలో పెరిగి రెక్కలు తొడగడానికి వారం దాకా పడుతుంది కనుక, ఇరుగుపొరుగువారి ప్రధానమైన అభ్యంతరం దానితో తీరిపోయింది.

లోపాలు రెండు. చెరువుకు అలుగు ఎంతో దీనికి పొర్లుదారి అంత. నీరు వచ్చే పైపు కంటే అది తప్పనిసరిగా దిగువన ఉండాలి. వీరు రెండింటినీ ఒకే మట్టాన పెట్టడంతో మొదటి పెద్ద వానకు నీరు గేటు వైపు కాక మెట్ల వైపు ఎగదన్నింది. ఫోను చేయగానే వచ్చి, అదనంగా డబ్బు అడగకుండా సరిచేశారు, అది ఒప్పుకోవాలి. కానీ మేస్త్రి చేతిలోని, మట్టం చూసే లెవల్ ట్యూబుతో ముందే తేలిపోయే విషయం అది. రెండవది, తేమ ఆరకుండా మట్టి మీద వేరుశనగ పొట్టు పరిచారు. మన జిల్లాలో అది చవక, ఆలోచన కూడా చెడ్డది కాదు, అయితే పొట్టు నీటి మీద తేలుతుంది. తేలినదంతా వెళ్ళి పొర్లుదారి జాలీకి అట్ట కట్టింది. తరువాత దానిని ఎత్తివేయించి గులకరాళ్ళు పరిపించాము.

వీరి ప్రచార పత్రంలో ‘వరద ముప్పు ఇక ఉండదు’ అన్న వాక్యాన్ని మాత్రం తీసివేయాలి. 2022 అక్టోబరులో మా ఊరి నడిమివంక వాగు పొంగి కాలనీలు మునిగినప్పుడు వచ్చినది ఎగువ నుంచి దిగిన నీరు. ఒక ముంగిట్లోని తోట దానిని ఆపదు. మామూలు వానకు మన ఇంటి నీరు వీధి కాలువను ముంచకుండా చూడడమే దీని పని, ఆ పని ఇది చక్కగా చేస్తున్నది.

బిల్లులో దాదాపు మూడో వంతు మొక్కలకే పోయింది. ఈ సంస్థతో పని చేయించుకోదలచినవారు నేల పరీక్ష, తవ్వకం, మట్టి మిశ్రమం వరకు వీరికి అప్పగించి, మొక్కలను నర్సరీలో తామే కొనుక్కోవడం మేలు. ఏటా నిర్వహణకు వేరే ఒప్పందం చేసుకొమ్మని అడుగుతారు. వానలకు ముందు పైపు మూతి దగ్గర పేరుకున్న ఒండ్రు తీయడానికీ, కలుపు పీకడానికీ ఒక కూలి మనిషి చాలు కనుక మేము దానికి ఒప్పుకోలేదు.