మాక్రో మొదలుపెట్టేవాళ్ళకు ఏది మేలు: క్లిప్ లెన్సా, ట్యూబా, ఫిల్టరా?

పురుగుల్నీ పువ్వుల్నీ బాగా దగ్గర నుంచి ఫొటో తియ్యాలని, అంటే మాక్రో చెయ్యాలని, సరదా పుట్టగానే ఎవరైనా మొదట అడిగేది "ఏ లెన్స్ కొనాలి?" అనే. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: మీరు తియ్యాలనుకుంటున్నది దేన్ని? సీతాకోకచిలుకకు సరిపోయే సరంజామా చీమకు సరిపోదు. చీమ కోసం కొన్నది సీతాకోకచిలుక దగ్గర పనికిరాదు, ఎందుకంటే మీరు అంత దగ్గరికి వెళ్ళేలోపే అది ఎగిరిపోతుంది.

నాది మామూలు డీఎస్ఎల్ఆర్. దాంతోపాటు వచ్చిన 18-55 లెన్స్, విడిగా కొన్న 50 లెన్స్ ఉన్నాయి (ఈ అంకెలు మిల్లీమీటర్లలో లెన్స్ ఫోకల్ లెంగ్త్; అంకె పెద్దదయ్యే కొద్దీ దూరానిది దగ్గరగా కనిపిస్తుంది). మా స్నేహితుడి దగ్గర ఫోన్ ఒక్కటే. ఇద్దరం ఒక చలికాలం పొద్దున శాలిహుండం వెళ్ళి వచ్చాక నాకు కలిగిన అభిప్రాయం ఇది: మీ దగ్గర 55-250 లాంటి జూమ్ ఉంటే దాని ముందు బిగించే మంచి క్లోజప్ ఫిల్టర్ కొనండి. 50 లెన్స్ మాత్రమే ఉంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు కొనండి. ఫోన్ మాత్రమే ఉంటే దాని కెమెరా మీద తగిలించే క్లిప్ లెన్స్ చాలు. అసలు మాక్రో లెన్స్ మీద వేలకు వేలు పెట్టడం ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను.

ముందు ఎక్కడికి వెళ్ళాలన్న సంగతి. మా శ్రీకాకుళం జిల్లాలో కెమెరా చేతికి రాగానే అందరూ చెప్పే చోటు టెక్కలి దగ్గరి తేలినీలాపురం. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చే ఊరు, నిజంగా అందమైన చోటు. కానీ అది దూరాన్నుంచి చూడాల్సిన పక్షుల చోటు. గూళ్ళున్న చెట్ల కిందికి వెళ్ళి పురుగుల కోసం గడ్డి వెతుక్కోవడం తగదు. విజయనగరం వైపు వాళ్ళకు గోస్తనీ నది మీది తాటిపూడి జలాశయం దగ్గరలో ఉంది. ఒడ్డున గడ్డి, తూనీగలు బాగానే ఉంటాయి, కాకపోతే నీటి మీది గాలి పొద్దెక్కే కొద్దీ పెరుగుతుంది. మాక్రోకి గాలే పెద్ద శత్రువు. ఉద్దానం జీడితోటలు ఇంకో దారి. ఆకులు కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు అక్కడ కావలసినన్ని. జీడిని పీడించే టీ దోమను అవి వేటాడతాయి కాబట్టి ఆ గూళ్ళను కదపకుండా దూరంగా ఉండి తీసుకోవాలి. కదిపితే అవి ఊరుకోవు కూడా.

మేము శాలిహుండం ఎంచుకోవడానికి కారణం వంశధార ఒడ్డు, కొండ రెండూ ఒకేచోట ఉండడం. కొండ మీద పాత బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద పొలాలు, దారి పొడవునా జిల్లేడు, తుమ్మి, గడ్డిచామంతి. శ్రీకాకుళం నుంచి బండి మీద పొద్దున్నే బయలుదేరితే ఎండ రాకముందే చేరిపోవచ్చు. ఒక్క విషయం గుర్తుంచుకోండి: శిథిలాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, అలాంటి చోట ట్రైపాడ్ వాడాలంటే అనుమతి కావాలి. మాకు దాని అవసరం రాలేదు. మాకు కావలసిన జీవాలన్నీ కొండ కిందే ఉన్నాయి.

ఇప్పుడు లెన్సుల సంగతికి వద్దాం. ఒక చిన్న లెక్క తెలిస్తే అంగట్లో ఎవరేం చెప్పినా మోసపోరు. పురుగు అసలు సైజు ఎంతో కెమెరా సెన్సర్ (వెలుగును బొమ్మగా పట్టే చిప్) మీద పడే బొమ్మ కూడా అంతే ఉంటే దాన్ని 1:1 అంటారు. మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సర్ వెడల్పు దాదాపు 23 మిల్లీమీటర్లు. అంటే 1:1 దగ్గర మీ ఫ్రేమ్‌లో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు అడ్డంగా పట్టేది 23 మిల్లీమీటర్లే. ఇంట్లో స్కేలు పెట్టి ఒక ఫొటో తీస్తే మీ లెన్స్ ఎంతవరకు వెళ్తుందో తెలిసిపోతుంది.

18-55 లెన్స్ 55 దగ్గర పెట్టి, అది ఫోకస్ చెయ్యగలిగినంత దగ్గరికి వెళ్తే ఇంచుమించు 0.3, అంటే అసలు సైజులో 0.3 వంతు బొమ్మ వస్తుంది. అప్పుడు ఏడెనిమిది సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేమ్‌లో పడుతుంది. ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక రెక్కలు విప్పితే ఉండేది కూడా దాదాపు అంతే. కాబట్టి సీతాకోకచిలుక కోసం మీరు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు! ఇది ఎవరూ చెప్పరు. ఇబ్బంది సైజుతో కాదు, దూరంతో. 55 దగ్గర ఆ ఫోకస్ కోసం లెన్స్‌ను దాని మీదికి తీసుకెళ్ళాలి, అది ఎగిరిపోతుంది. అదే 0.3 ని 55-250 జూమ్ దాదాపు మీటరు దూరం నుంచి ఇస్తుంది. గడ్డిచామంతి మీద తేనె తాగుతున్న సీతాకోకచిలుకకు మీటరు దూరంలో కూర్చున్న మనిషి పెద్ద లెక్క కాదు, మెల్లగా కదిలితే చాలు.

అందుకే జూమ్ ఉన్నవాళ్ళకు క్లోజప్ ఫిల్టర్ అంటున్నాను. ఇది మామూలు ఫిల్టర్ లాగే లెన్స్ ముందు తిప్పి బిగించే భూతద్దం. దాని మీద +2, +4 అని ఉంటుంది. +4 ఫిల్టర్ పెట్టి లెన్స్‌ను దూరానికి ఫోకస్ చేసి ఉంచితే, ఫిల్టర్ నుంచి పావు మీటరు దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. 250 లెన్స్ మీద అప్పుడు వచ్చేది సరిగ్గా 1:1. పురుగుకూ గాజుకూ మధ్య జానెడుకు పైగా ఎడం ఉంటుంది, వెలుగు పడటానికి చోటు ఉంటుంది. అదే ఫిల్టర్ 55 దగ్గర పెడితే పెరిగేది 0.22 మాత్రమే. కాబట్టి చిన్న లెన్స్ ఉన్నవాళ్ళు ఫిల్టర్ల సెట్ కొనుక్కుంటే డబ్బు వృథా. ఇంకొకటి: ఒకే గాజు ఉన్న చవక ఫిల్టర్లు అంచుల్లో మసకబారి, రంగులు చిందిస్తాయి. రెండు గాజులు అతికించి చేసినది ఖరీదెక్కువ, కానీ తేడా కంటికి కనిపిస్తుంది.

50 లెన్స్ మాత్రమే ఉంటే ట్యూబులు. ఇవి కెమెరాకూ లెన్స్‌కూ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు, లోపల గాజు ఉండదు. లెన్స్ సెన్సర్‌కు దూరం జరిగే కొద్దీ దగ్గరి వస్తువు మీద ఫోకస్ పడుతుంది. లెక్క సులువు: గొట్టం పొడవును లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 50 లెన్స్‌కు 36 మిల్లీమీటర్ల గొట్టం పెడితే 0.72. దానికి లెన్స్ సొంత దగ్గరతనం కూడా కలుస్తుంది. పురుగు లెన్స్ ముందు నుంచి తొమ్మిది, పది సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. గొంగళి పురుగులు, సాలెపురుగులు, చలికి బిగుసుకుపోయిన తూనీగలు, మంచుబొట్లు, తుమ్మి పూలు, వీటికి ఇంతకంటే మంచి బేరం నాకు కనిపించలేదు. కొనేటప్పుడు లోపల కరెంటు పిన్నులు ఉన్నవే కొనండి. పిన్నులు లేని చవక గొట్టాలతో ఈ కాలపు లెన్సుల్లో అపర్చర్ (లెన్స్ లోపల వెలుగు పోయే రంధ్రం) మీ చేతిలో ఉండదు. అపర్చర్ చేతిలో లేకపోతే మాక్రోలో సగం చెయ్యి కట్టేసినట్టే.

రివర్స్ రింగ్ గురించి వీడియోల్లో చాలా గొప్పగా చెబుతారు. లెన్స్‌ను తిరగేసి బిగించే ఒక రింగ్, కొన్ని వందలతో అయిపోతుంది. తిరగేసిన 18-55 ను 18 దగ్గర పెడితే 1:1 కి రెండు రెట్లు దాటి పోతుంది. నిజమే, చీమ కన్ను కనిపిస్తుంది. కానీ పురుగు నుంచి లెన్స్ నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, ఆటో ఫోకస్ ఉండదు, అపర్చర్ ఉండదు, లెన్స్ వెనక గాజు దుమ్ముకు బయటపడి ఉంటుంది. ఇంట్లో బల్ల మీద బియ్యపు గింజను తియ్యడానికి బాగుంటుంది. మొదటిరోజు పొలంలోకి ఇది పట్టుకెళ్తే ఉత్సాహం చల్లారిపోతుంది. నా ఓటు దీనికి లేదు.

ఫోన్ క్లిప్ లెన్స్‌ను మాత్రం చిన్నచూపు చూడకండి. చాలా ఫోన్లలో విడిగా మాక్రో కెమెరా అని ఇచ్చేది 2 మెగాపిక్సెళ్ళది, దాన్ని వదిలెయ్యండి. క్లిప్‌ను మెయిన్ కెమెరా మీద పెట్టాలి. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోకూ ఆ తర్వాతి ఐఫోన్ ప్రో ఫోన్లకూ రెండు సెంటీమీటర్ల దాకా ఫోకస్ అయ్యే అల్ట్రా వైడ్ కెమెరా ఉంది, వాటికి క్లిప్పే అవసరం లేదు. ఫోన్‌తో ఉన్న మంచి ఏమిటంటే సెన్సర్ చిన్నది కాబట్టి ఎక్కువ భాగం స్పష్టంగా పడుతుంది. చెడు ఏమిటంటే మరీ దగ్గరికి వెళ్ళడంతో ఫోన్ నీడే పురుగు మీద పడుతుంది.

శాలిహుండంలో ఈ తేడా నాకు బాగా తెలిసింది జిల్లేడు చెట్టు దగ్గర. ఆకు అడుగున ప్లెయిన్ టైగర్ గొంగళి పురుగు ఉంది. నలుపు, తెలుపు, పసుపు పట్టీలు, వీపు మీద మూడు జతల నల్లటి మెత్తని కొమ్ములు. ఆకు అంచు నుంచి లోపలికి కొరుక్కుంటూ పోతోంది, ఒక్కో కొరుకుకీ తల కిందికీ పైకీ ఆడుతోంది. మా స్నేహితుడు ఫోన్ పెట్టగానే నీడ పడి పసుపు రంగు చచ్చిపోయింది. నేను 36 గొట్టంతో తీస్తే వెలుగు సరిపోక షట్టర్ నెమ్మదించి, తల కదిలిన చోటల్లా చెరిగిపోయింది.

"ఏటిరా, ఆ పెళ్ళి శుభలేఖ అట్ట ఇలా పట్టుకో," అన్నాడు. బ్యాగ్‌లో నోట్‌బుక్ వంగకుండా పెట్టుకున్న తెల్లటి అట్ట అది. సూర్యుడికి ఎదురుగా పట్టుకుంటే వెలుగు ఆకు అడుగుకి తిరిగి కొట్టింది. ఆ కొమ్ముల మొదళ్ళలో ఉన్న ఎర్రటి మెరుపు అప్పుడు బయటపడింది. అంతకుముందు మా కంటికే కనిపించలేదు.

మాక్రోలో వెలుగు ఎందుకింత కరువో చెప్పాలి. 1:1 దగ్గర అపర్చర్ ఎఫ్/8 (ఈ అంకె పెరిగే కొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెడితే సెన్సర్‌కు చేరే వెలుగు ఎఫ్/16 లో అందినంతే, రెండు స్టాపులు పోతాయి (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది). పోనీ అపర్చర్ తెరుద్దామంటే స్పష్టంగా పడే మందం ఎఫ్/8 లోనే మిల్లీమీటరుకు తక్కువ. కన్ను స్పష్టంగా ఉంటే మీసాలు చెరిగిపోతాయి. అందుకే ఎఫ్/8, ఎఫ్/11 మధ్యలో ఉండి, బయటి వెలుగు తెచ్చుకోవాలి. కెమెరా మీది ఫ్లాష్‌కు ముందు పల్చటి తెల్లటి టిష్యూ కాగితం అడ్డం పెట్టి, షట్టర్ 1/200 సెకను పెడితే వణుకు కూడా అదుపులోకి వస్తుంది. అయితే గొట్టాలు పెట్టాక ఆ చిన్న ఫ్లాష్‌కు లెన్స్ అడ్డొచ్చి కింద సగం నీడ పడుతుంది. తోడు మనిషి పట్టుకున్న అట్టకు ఆ బాధ లేదు.

ఒంటరిగా వెళ్ళడమా, తోడుతోనా అంటే తోడుతోనే. ఒకరు తీస్తుంటే ఒకరు అట్ట పట్టాలి, గాలికి ఊగే కొమ్మను కొసన పట్టుకోవాలి, ఎండ ఎక్కువైతే గొడుగు అడ్డం పెట్టాలి. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని వ్యూఫైండర్‌లో మునిగిపోయినవాడికి వెనక ఏముందో తెలియదు. మన పొలాల్లో నాగుపాము, రక్తపింజరి రెండూ ఉంటాయి. బూట్లు వేసుకోండి, కూర్చునే ముందు కర్రతో గడ్డి తట్టండి. జిల్లేడు ఆకు తెగితే వచ్చే పాలు కంట్లో పడకూడదు, చెయ్యి కడుక్కోకుండా కన్ను నలుపుకోకండి. ఫొటో కోసం ఆకు తెంపడం, పురుగును పట్టుకుని వేరే చోట పెట్టడం మాత్రం ఎంతమాత్రం చెయ్యకండి. మెల్లగా కాచుకుంటే అదే తల తిప్పుతుంది.

ఫోకస్ రింగ్ తిప్పుతూ కూర్చోకండి. ఎంత దగ్గర కావాలో ముందే పెట్టేసి, ఊపిరి బిగబట్టి శరీరాన్నే రవ్వంత ముందుకూ వెనక్కూ ఊపుతూ వరసగా నొక్కండి. కన్ను స్పష్టంగా పడ్డది ఏదో ఒకటి దొరుకుతుంది. ఇది అలవాటయ్యాకే 100 మాక్రో లెన్స్ గురించి ఆలోచించండి. 1:1 దగ్గర దానికి పురుగుతో ఎడం పద్నాలుగు, పదిహేను సెంటీమీటర్లు, ఆటో ఫోకస్, అపర్చర్ అన్నీ ఉంటాయి, నిస్సందేహంగా సుఖం. కానీ వెలుగూ ఓపికా అది తెచ్చిపెట్టదు.

మొదటి రోజు ఎప్పుడు అంటే నాకు రెండు రోజులు ఇష్టం. మంచు పడే మార్గశిర, పుష్య మాసాల్లో పొద్దు పొడవకముందు, తూనీగలు రెక్కలు తడిసి గడ్డిపోచలకు అతుక్కుని ఉండే వేళ. లేదంటే జూన్ చివర ఆరుద్ర కార్తెలో తొలి వాన తెల్లారి. తడి ఎర్రమట్టి మీద ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి, ముఖమల్ గుడ్డ ముక్కలు కదులుతున్నట్టు, మెల్లగా నడుస్తాయి కాబట్టి చేతికి చిక్కే మొదటి మోడల్ వాటికి మించి లేదు. సెంటీమీటరు దాకా ఉంటాయి గనక 50 లెన్స్‌కు 36 గొట్టం సరిపోతుంది. ఆ వెల్వెట్ పోగులు విడివిడిగా కనిపించాలంటే పక్క నుంచి వెలుగు పడాలి, కాబట్టి అట్ట మర్చిపోకండి, కింద పరుచుకోవడానికి ఒక గోనె సంచి కూడా.