స్టాన్ సాఫ్ట్‌వేర్: ఉచితమే, కానీ ఓపిక కావాలి

బేయేసియన్ స్టాటిస్టిక్స్ (ముందున్న అంచనాని డేటా చూసి సవరించుకునే పద్ధతి) చేసేవాళ్లకి స్టాన్ కొత్తేం కాదు. మనం మోడల్ రాసిస్తే, అందులో తెలియని విలువలు ఎంతుండొచ్చో డేటా నుంచి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఇది. 2012లో 1.0 వెర్షన్ వచ్చింది, పైసా ఖర్చు లేదు, ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో దేన్నుంచైనా నడుపుకోవచ్చు. యాదృచ్ఛిక నమూనాలతో లెక్కలుగట్టే మాంటె కార్లో పద్ధతికి ఆద్యుడైన స్టానిస్లా ఉలాం పేరే దీనికి పెట్టారు.

అసలు సత్తా అంతా శాంప్లింగ్‌లో, అంటే సాధ్యమయ్యే విలువల్ని ఏరి చూడటంలో ఉంది. 1953 నాటి మెట్రోపొలిస్ పద్ధతి గుడ్డిగా అడుగులేస్తుంది, పారామీటర్లు (మోడల్లో తెలియని విలువలు) పెరిగేకొద్దీ ఉన్నచోటే తచ్చాడుతుంది. స్టాన్ వాడే హామిల్టోనియన్ మాంటె కార్లో మాత్రం డెన్సిటీ (ఏ విలువకి ఎంత అవకాశముందో చెప్పే లెక్క) వాలు ఎటుందో లెక్కగట్టి ఒకేసారి దూరం జరుగుతుంది, ఎక్కడ ఆగాలో నట్స్ అనే అల్గారిథమే చూసుకుంటుంది కాబట్టి ఆ ట్యూనింగ్ టెన్షన్ మనకి ఉండదు. మోడల్ సరిగ్గా కుదరకపోతే ఊరుకోదు కూడా. డైవర్జెన్సులు (శాంప్లింగ్ దారి తప్పడం) వచ్చాయనో, ఆర్-హ్యాట్ (వేర్వేరు శాంప్లింగ్ పరుగులు ఒకే జవాబుకి చేరాయో లేదో చెప్పే అంకె) 1కి దగ్గరగా లేదనో మొహం మీదే చెప్పేస్తుంది. చాలామంది ఈ వార్నింగులకి విసుక్కుంటారు గానీ, నన్నడిగితే సగం విలువ వాటిలోనే ఉంది, ఎందుకంటే నోరు మూసుకుని తప్పు జవాబిచ్చే సాఫ్ట్‌వేర్ కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఇక చిరాకులు. మోడల్లో ఒక్క లైన్ మార్చినా మళ్లీ సి ప్లస్ ప్లస్ భాషలోకి మారి కంపైల్ అయ్యేదాకా కూర్చోవాలి. పూర్ణాంక పారామీటర్లు అసలు పెట్టనివ్వదు, అందుకే మిక్శ్చర్ మోడల్ (డేటా కొన్ని గుంపుల కలయిక అనుకునేది) కావాలంటే ఏ డేటా ఏ గుంపుదో అన్ని అవకాశాలనీ మనమే కూడి రాయాలి (ఫలితం మెరుగ్గానే వస్తుంది, అది వేరే సంగతి). డేటా లక్షల్లో ఉంటే చాలా నెమ్మది.

5కి 4 ఇస్తాను. మామూలు రిగ్రెషన్ (ఒక విలువని మిగతావాటి నుంచి అంచనా వేయడం) చాలనుకుంటే ఆర్‌లో బీఆర్ఎంఎస్ ప్యాకేజీ తీసుకోండి, స్టాన్ కోడ్ అదే రాసిపెడుతుంది.