అనంతపురం నుంచి ఊటీ: బస కూనూరులో, ఊటీకి చుట్టపుచూపుగా

అనంతపురం నుంచి ఊటీకి రోడ్డు మీద సుమారు 485 కిలోమీటర్లు. బెంగళూరు దాకా 215, అక్కణ్ణుంచి మైసూరుకు 145, మైసూరు నుంచి గుండ్లుపేట, బందీపూర్ మీదుగా ఊటీకి 125. కర్నూలువాళ్ళు దీనికి ఇంకో 150 కలుపుకోవాలి. కడపవాళ్ళు రాయచోటి, మదనపల్లె, చింతామణి మీదుగా బెంగళూరు చేరతారు. దూరం చూసి, తెల్లారుజామున బయల్దేరితే సాయంత్రానికి ఊటీలో టీ తాగుతామని లెక్క వేసుకునేవాళ్ళే ఎక్కువ. ఆ లెక్కను చెడగొట్టేవి రెండు. ఒకటి బెంగళూరు ట్రాఫిక్, రెండోది బందీపూర్ గేటు.

బందీపూర్ అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా కార్లను వదలరు. 2009 నుంచి ఇదే పద్ధతి. గేటు పడకముందే అడవి దాటినా లాభం లేదు, ఆ తర్వాత ఎక్కాల్సిన ఘాట్ చీకట్లో, మంచులో కొత్తవాళ్ళు తోలాల్సిన రోడ్డు కాదు. మధ్యాహ్నం 3 లోపు గుండ్లుపేట దాటలేమనుకుంటే ఆ రాత్రికి మైసూరులో ఆగిపోవడమే మంచిది. పిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబమైతే ముందే మైసూరులో ఒక రాత్రి పెట్టుకోండి. ఆదివారం అయితే సాయంత్రం ప్యాలెస్ దీపాలు కూడా చూడొచ్చు. మూడు రాత్రుల సెలవు ఉంటే ఒకటి మైసూరుకు, రెండు కొండ మీదకు. రెండే రాత్రులు ఉంటే ఊటీ వద్దు, మదనపల్లె పక్కన హార్సిలీ హిల్స్ చాలు. రోజంతా కార్లో కూర్చోబెట్టి కొండ చూపిస్తే పిల్లలకు గుర్తుండేది వాంతులే.

బెంగళూరును తప్పించుకోవాలంటే అనంతపురంలో 4 గంటలకే కదలాలి. పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి దాటి ఏడున్నర లోపు బెంగళూరు ఉత్తరపు అంచున ఉన్న హెబ్బాళ్ చేరితే సగం గెలిచినట్టే. అక్కడ ఊళ్ళోకి దిగొద్దు. ఔటర్ రింగు రోడ్డు పట్టుకుని తుమకూరు రోడ్డుకు, అక్కడ ఊరి బయటగా పోయే టోలు దారి, నైస్ రోడ్డు ఎక్కి మైసూరు రోడ్డులో దిగాలి. నైస్ రోడ్డు టోలు కాస్త ఎక్కువే, అయినా మిగిలే సమయంతో పోలిస్తే దండగ కాదు. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన దారిలో 2023 ఆగస్టు నుంచి బైకులు, ఆటోలు నిషేధం, బుల్లెట్ మీద వెళ్ళేవాళ్ళు సర్వీసు రోడ్డుకు సిద్ధపడాలి.

కారు లేనివాళ్ళకు బస్సే సులువు. మన బస్సు బెంగళూరు మెజెస్టిక్‌లో దింపుతుంది, ఊటీ బస్సులు ఎక్కువగా మైసూరు రోడ్డులోని శాటిలైట్ బస్టాండు నుంచి కదులుతాయి. మెజెస్టిక్‌లో పర్పుల్ లైన్ మెట్రో ఎక్కి దీపాంజలి నగర్‌లో దిగితే ఆ బస్టాండు దగ్గరే. రైలు దారి కూడా ఉంది: గుంతకల్లు, అనంతపురంవాళ్ళకు ముంబై కుర్లా నుంచి కోయంబత్తూరు పోయే బండి, తాడిపత్రి, ఎర్రగుంట్ల, కడపవాళ్ళకు కన్యాకుమారి పోయే జయంతి జనతా. కోయంబత్తూరు నుంచి, ఊటీ కొండ రైలు మొదలయ్యే మేట్టుపాళయం గంట లోపే. కొండ రైలు ఎక్కాలన్నది అసలు కోరికైతే ఈ దారే తిన్నగా తీసుకెళ్తుంది.

సొంత కారైనా, అద్దె కారైనా ఊటీ ఉన్న నీలగిరి జిల్లాలోకి ఈ-పాస్ తప్పనిసరి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా రోజుకు మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లకే పాసులిచ్చారు. కాబట్టి రూము కంటే ముందు పాస్ సంగతి చూసుకోవాలి. డబ్బు తిరిగిరాని రూము తీసుకుని, ఆ తేదీకి పాస్ దొరక్క ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు. తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ సైటులో బండి నంబరు, ఎంతమంది, ఏయే తేదీలు, ఎక్కడ బస అన్నవి నింపితే క్యూఆర్ కోడు వస్తుంది. దాన్ని ఫోనులో ఫోటోగా దాచుకోండి, తమిళనాడు సరిహద్దులోని కక్కనల్లా చెక్‌పోస్టు దగ్గర అడవిలో సిగ్నల్ వస్తుందన్న నమ్మకం లేదు. ప్రభుత్వ బస్సులో, రైల్లో వెళ్ళేవాళ్ళకు ఈ గొడవ లేదు. చెక్‌పోస్టు దగ్గరే సంచులు కూడా చూస్తారు: లీటరు, రెండు లీటర్ల ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నీలగిరుల్లో నిషేధం. మనిషికొక స్టీలు సీసా పట్టుకెళ్తే దారిలో నింపుకోవచ్చు.

అద్దె కారు మాట్లాడేటప్పుడు కిలోమీటరు రేటు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. పసుపు పచ్చ నంబరు ప్లేటు బండికి కర్ణాటక, తమిళనాడు పర్మిట్ల ఖర్చు కూడా ఉండొచ్చు. అవి, టోలు, డ్రైవరు బత్తా, ఘాట్ ఛార్జీ రేటులో కలిసున్నాయా లేదా వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట మీద ఆధారపడితే తిరిగొచ్చాక బిల్లు దగ్గర తగువు ఖాయం.

చెక్‌పోస్టు దాటాక వచ్చే తెప్పకాడు దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఎడమకు మసినగుడి, కల్లట్టి ఘాట్. దూరం తక్కువ, కానీ నంబర్లు వేసిన 36 హెయిర్‌పిన్ మలుపులతో నిటారుగా ఎక్కుతుంది. కుడికి గూడలూరు మీదుగా వెళ్ళేది పొడుగు, వాలు తక్కువ, బస్సులు పోయేది ఇటే. ఎక్కేటప్పుడు కల్లట్టి, దిగేటప్పుడు గూడలూరు అన్నది గుర్తుంచుకోవాలి. కల్లట్టిలో బయటి జిల్లాల బండ్లను దిగనివ్వరు, కారణం బ్రేకులే. మైదానంలో తోలే అలవాటు ఉన్నవాళ్ళు వాలులో బ్రేకు పెడలు మీద కాలు తీయరు. పది మలుపులకే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడలు నొక్కినా పట్టు ఉండదు. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. వాసన వస్తే పక్కకు ఆపి ఇరవై నిమిషాలు చల్లారనివ్వండి. కాలిన డిస్కు మీద నీళ్ళు పోయొద్దు, వంకర పోతుంది. కల్లట్టి ఎక్కేటప్పుడు ఏసీ ఆపేసి మొదటి, రెండో గేర్లలోనే పోవాలి. ఏడుగురు ఎక్కిన చిన్న ఇంజను బండైతే గూడలూరు దారే మేలు. వాంతులయ్యేవాళ్ళకు మాత్ర ఘాట్ మొదట్లో వేస్తే పని చేయదు, గుండ్లుపేటలోనే వేయండి. డీజిలు, పెట్రోలు కూడా గుండ్లుపేటలోనే నింపుకోవాలి. బందీపూర్‌లో ఏనుగు కనబడిందని బండి ఆపి దిగడం నేరం, జరిమానా వేస్తారు.

ఇక బస. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, కూనూరు 1,850. రెండింటి మధ్య 19 కిలోమీటర్లు. మన ఎండలకు అలవాటైన ఒంటికి కూనూరు చలి సరిగ్గా సరిపోతుంది. మే నెలలో కూడా ఊటీలో రాత్రి పది పన్నెండు డిగ్రీలకు దిగుతుంది, ముసలివాళ్ళకు నిద్ర పట్టదు. సీజన్లో ఊటీ ఛేరింగ్ క్రాస్ కూడలి దగ్గర కిలోమీటరు దాటడానికి ముప్పావు గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కూనూరులో కిటికీ తెరిస్తే టీ తోట, ఊటీలో అదే ధరకు పక్క హోటలు గోడ. అందుకే రెండు రాత్రులూ కూనూరులో పెట్టుకుని, ఒక పూట ఊటీకి చుట్టపుచూపుగా వెళ్ళి రావాలన్నది నా గట్టి అభిప్రాయం.

కూనూరుకూ లోపాలున్నాయి. బస్టాండు, రైల్వేస్టేషను, బజారు ఉన్న కింది కూనూరు ఇరుకు, హారన్ల మోత. సిమ్స్ పార్కు, బెడ్‌ఫర్డ్ వైపున్న పై కూనూరులోనే రూము చూసుకోవాలి. అక్కడి పాత బంగళాల్లో మెట్లు ఎక్కువ. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే కారు నిలిపే చోటు నుంచి గది దాకా ఎన్ని మెట్లని అడగండి. భోజన హోటళ్ళు తక్కువ, రాత్రి తొందరగా కట్టేస్తారు. బస్సులో వెళ్ళేవాళ్ళకు మాత్రం ఊటీయే నయం: బస్టాండు, రైల్వేస్టేషను పక్కపక్కనే, చెరువు నడక దూరం. ఇదివరకే ఊటీ చూసినవాళ్ళు అదే కొండల్లోని మరో ఊరు కోటగిరిలో దిగండి. మూడింట్లో ప్రశాంతమైనది అదే, కోడనాడు వ్యూ పాయింట్ నుంచి మోయారు లోయ కనిపిస్తుంది.

రూము ఖాయం చేసే ముందు ఫోను చేసి అడగాల్సినవి సైటులో ఉండవు. వేడినీళ్ళు రోజంతా వస్తాయా, ఉదయం రెండు గంటలేనా? చాలాచోట్ల రెండోదే. ఐదుగురుంటే చివరివాడికి చన్నీళ్ళే. రూము హీటరుకు రోజుకు వేరే డబ్బు ఉందా? చెకవుట్ ఎన్నింటికి? ఇరవై నాలుగు గంటల లెక్క అనుకుని వెళ్తే ఉదయం పదింటికే తలుపు తట్టేవాళ్ళున్నారు. డ్రైవరుకు పడక ఉందా? చలిలో కార్లో పడుకున్న డ్రైవరుతో మర్నాడు ఘాట్ దిగడం ప్రమాదం. గదిలోకి వెళ్ళగానే రగ్గు విప్పి మడత లోపల చెయ్యి పెట్టి చూడండి. తడిగా, బూజు వాసనగా ఉంటే అప్పుడే మార్పించుకోవాలి, ఉబ్బసం ఉన్నవాళ్ళకు రాత్రంతా అదే సమస్య. ఫ్యాను లేదని మాత్రం ఫిర్యాదు చేయకండి, అక్కడ అవసరం లేదు.

కొండ రైలు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది సగమే ఎక్కి మొత్తం చూశామనుకుంటారు. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో వేశారు. 2005లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. అసలు విశేషం కల్లారు, కూనూరు మధ్యలో ఉంది. అక్కడ పట్టాల నడుమ పళ్ళున్న ఉక్కు కమ్మీలు ఉంటాయి. ఇంజను కింది పళ్ళచక్రం వాటిని పట్టుకుంటూ బండిని పైకి నెడుతుంది. పన్నెండు అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే దారి అది. ఎక్కేటప్పుడు ఇంజను వెనక ఉంటుంది, లాగదు. కూనూరు నుంచి ఊటీ దాకా డీజిలు ఇంజను, మామూలు పట్టాలు. ఈ పై ముక్క గంట ప్రయాణం, రోజుకు కొన్ని బండ్లు, టికెట్ దొరకడం తేలిక.

కింది ముక్క కావాలంటే 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకే బుక్ చేయాలి. స్టేషను పేరు ఊటీ అని వెతికితే రాకపోతే ఉదగమండలం అని వెతకండి. పైకి బండి మేట్టుపాళయంలో ఉదయం 7:10కి కదిలి మధ్యాహ్నానికి చేరుతుంది. కిందికి ఊటీలో 2 గంటలకు కదిలి సాయంత్రం ఐదున్నరకు దిగుతుంది. కారులో వచ్చినవాళ్ళు కుటుంబాన్ని రైలెక్కించి డ్రైవరును కారుతో మేట్టుపాళయంలో కలుసుకోమనొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కొండచరియలు పడి బండి రద్దవడం మామూలే, ఆ నెలల్లో రైలునే నమ్ముకుని వెళ్ళొద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా వాన. 2019 ఆగస్టులో ఊటీ దగ్గరి అవలాంచిలో ఒక్క రోజులో 82 సెంటీమీటర్లు కురిసింది, అనంతపురం జిల్లా ఏడాది సగటు 55. సెప్టెంబరు రెండో సగం, ఫిబ్రవరి, మార్చి మనకు అనువైన నెలలు. వేసవి సెలవుల్లోనే కుదిరితే మేలో పూల ప్రదర్శన రోజులు వదిలేసి మంగళ, బుధ, గురువారాలు చూసుకోండి.

చూసేవాటిని దారి ప్రకారం పేర్చుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది. దొడ్డబెట్ట ఊటీ, కోటగిరి దారి పక్కన ఉంది, 2,637 మీటర్లు. పదకొండు దాటితే మబ్బు కమ్మి ఏమీ కనబడదు, కాబట్టి ఊటీకి వెళ్ళే రోజు ముందు అదే. బొటానికల్ గార్డెన్ 1848లో మొదలైంది, రెండు గంటలు చాలు. బోటు హవుసులో క్యూ పొడుగ్గా ఉంటే వదిలేయండి, పైకారా చెరువులో పడవ ఇంతకంటే బాగుంటుంది. కూనూరులో లాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ ఒకే రోడ్డు మీద ఉన్నాయి, ఉదయం 8కి వెళ్తే ఎదుటి లోయలో కాథరిన్ జలపాతం కనిపిస్తుంది. సైట్ సీయింగ్ ప్యాకేజీ టాక్సీలు చెప్పే ‘పాయింట్ల’లో రెండు మూడు చాక్లెట్ అంగళ్ళు, టీ అంగళ్ళే ఉంటాయి, వాటిని తీసేసి రేటు మాట్లాడండి. చాక్లెట్ ముక్క వేళ్ళ మధ్య నిమిషం పట్టుకుంటే అసలు కోకో వెన్నది కరుగుతుంది, వనస్పతిది మైనంలా అలాగే ఉండి నాలుక మీద జిడ్డు వదులుతుంది. ఊటీ వర్కీ (పొరలు పొరలుగా కరకరలాడే బిస్కెట్టు) మాత్రం ఉదయం బేకరీలో వేడిగా కొనుక్కోవాలి. కారం లేక నోరు చప్పబడేవాళ్ళు చెనిక్కాయల పొడి డబ్బా మరవొద్దు.

తిరుగు ప్రయాణం రోజు కూనూరులో 7కి బయల్దేరితే ఊటీ దాటి గూడలూరు రోడ్డు ఎక్కుతారు. పైకారా ఆ దారిలోనే, ఊటీకి 20 కిలోమీటర్లు, దానికోసం వేరే పూట పెట్టక్కర్లేదు. గంటన్నర అక్కడ గడిపి, గూడలూరులో భోంచేసి, 2 గంటలకల్లా బందీపూర్ దాటితే సాయంత్రానికి మైసూరు. ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు తెల్లవారుజామున లేచినా బెంగళూరు దాటేది ఆఫీసు వేళలోనే. అంతకంటే మైసూరులో రాత్రి పడుకోకుండా, 10 తర్వాత నైస్ రోడ్డు పట్టుకోవడం నయం, ఇద్దరు డ్రైవర్లు ఉంటేనే.